తెర మీద ఒక్క కట్... దారిలో ముప్పైఅయిదు గంటలు!

పెనుగంచిప్రోలు నుంచి డల్లాస్ ఎంత దూరం?

మన పాత చిత్రాల్లో అమెరికా ప్రయాణం ఎలా ఉండేదో గుర్తుందా? మేడ మెట్ల దగ్గర డ్రెస్సింగ్ గౌనులో నాన్నగారు నిలబడి "అబ్బాయి వచ్చేస్తున్నాడు!" అంటారు. కట్ చేస్తే ఆకాశంలో విమానం. మళ్ళీ కట్ చేస్తే అదే విమానం నేల మీద! (ఒక్కోసారి ఎక్కిన విమానం ఒక కంపెనీది, దిగిన విమానం ఇంకో కంపెనీది. అది వేరే సంగతి!) తలుపు తెరుచుకుంటుంది. సూటూ బూటూ నల్లకళ్ళద్దాలతో హీరోగారు మెట్లు దిగి వస్తారు. క్రాపు చెదరదు. ఇస్త్రీ నలగదు. కింద అమ్మగారు పూలదండతో సిద్ధం. మొత్తం కలిపి ఆరేడు సెకన్లు!

1976లో సింగీతం శ్రీనివాసరావు గారి "అమెరికా అమ్మాయి" వచ్చిన రోజుల్లో అమెరికా అంటే మనకి అల్లంత దూరాన ఉన్న వింతలోకం. 1987లో జంధ్యాల గారు యూనిట్‌ని వెంటబెట్టుకుని అమెరికా వెళ్ళి "పడమటి సంధ్యారాగం" తీసుకొచ్చారు. తర్వాత హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్న థామస్ జేన్ మొట్టమొదట నటించింది ఆ తెలుగు చిత్రంలోనే. 2000 నాటికి శేఖర్ కమ్ముల "డాలర్ డ్రీమ్స్"తో అమెరికా మన మధ్యతరగతి ఇంటి హాల్లోకే వచ్చేసింది. ఇన్ని చిత్రాలు వచ్చినా, ఆ రెండు కట్ల మధ్య ఎడిటర్ గారు కత్తిరించి బుట్టలో పడేసిన ప్రయాణం ఎంతసేపు పడుతుందో తెర మీద పూర్తిగా చూసినవాళ్ళు తక్కువ. ఆ కత్తిరించిన ముక్క ఎంత పొడుగుందో కొలిచి చూద్దామనే ఈ వ్యాసం.

కొలవమని అడిగింది ఒక పెద్దమ్మ.

మునేటి ఒడ్డున ఓ ప్రశ్న

జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య, హైవే దిగి లోపలికి పోతే మునేటి ఒడ్డున ఉంటుంది పెనుగంచిప్రోలు. లక్ష్మీ తిరుపతమ్మ తల్లి కొలువున్న ఊరు. తిరునాళ్ళ రోజుల్లో ఇసుకేస్తే రాలనంత జనం. 1963లో ఎన్.టి.రామారావు, కృష్ణకుమారి నటించిన "శ్రీ తిరుపతమ్మ కథ" ఈ అమ్మవారి కథే. చిత్రమేమిటంటే, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు కృష్ణాజిల్లాలో ఉన్న ఈ ఊరు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. అప్పుడు తమ అమ్మవారి కథలో నటించిన హీరోగారి పేరు ఇప్పుడు ఊరి చిరునామాలో భాగమైపోయింది!

అక్కడ ఒక తెలిసినవారింట్లో కాఫీ తాగుతూ కూర్చున్నాను. అరవై దాటిన ఆ ఇంటి పెద్దమ్మ హడావుడిగా తిరుగుతోంది. కూతురు డల్లాస్‌లో ఉంది. నెలలు నిండొస్తున్నాయి. పురుడు పొయ్యడానికి తల్లే వెళ్ళాలి. ఆవిడ జన్మలో విమానం ఎక్కలేదు. హైదరాబాదుకు కూడా నాలుగైదుసార్లు మించి వెళ్ళలేదు.

"అబ్బాయ్, నువ్వు పత్రికల్లో రాస్తావు కదా, సరిగ్గా చెప్పు. డల్లాసు ఎంత దూరం?" అంది.

"పద్నాలుగువేల నాలుగొందల కిలోమీటర్లు పెద్దమ్మా" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "అది కాదురా. నేను ఈ గడప దాటినాక, మళ్ళీ దాని గడప తొక్కేదాకా ఎంతసేపు? నా బీపీ బిళ్ళలు ఎన్ని చేతిలో పెట్టుకోవాలి? అదిట్టా చెప్పు!"

అదీ అసలు ప్రశ్న! నేను చెప్పింది మ్యాపు దూరం. ఆవిడ అడిగింది మనిషి దూరం.

అన్నట్టు ఈ ఊరివాళ్ళకి ప్రయాణమంటే ఏమిటో అమ్మవారే నేర్పింది. రెండేళ్ళకోసారి అమ్మవారి విగ్రహాలు రంగులు వేయించుకోడానికి జగ్గయ్యపేట వెళ్తాయి. దూరం ఇరవై కిలోమీటర్ల చిల్లరే. బస్సులో ముప్పావుగంట పని. కాని అమ్మవారు అలా వెళ్ళదు. మేళతాళాలతో, జనం నీళ్ళు వారపోస్తుంటే, ఊరేగింపుగా వెళ్తుంది. రంగులు పూర్తయ్యేదాకా అక్కడ ఉండి మళ్ళీ ఊరేగింపుగానే తిరిగొస్తుంది. "దూరం వేరు, పట్టే కాలం వేరు" అని ఇక్కడి పిల్లలకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

గ్లోబు మీద దారం

ఆ ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే మనవడున్నాడు. వాడి గ్లోబు తెప్పించాను. కుట్టు డబ్బాలోంచి దారం ముక్క తీసుకున్నాం. దారం ఒక కొస హైదరాబాదు దగ్గర పట్టుకోమన్నాను, రెండో కొస డల్లాస్ దగ్గర నేను పట్టుకున్నాను.

"ఎటు నుంచి పోద్దో చెప్పరా" అన్నాను.

వాడు ఠక్కున పడమటికి చూపించాడు. అరేబియా సముద్రం, ఐరోపా, అట్లాంటిక్, ఆ తర్వాత అమెరికా. గోడ మీది మ్యాపులో అంతే కనిపిస్తుంది మరి!

ఇప్పుడు దారం బిగించి లాగాం. లాగేసరికి దారం జారి జారి పైకి పోయింది. హిమాలయాలు ఎక్కింది. మధ్య ఆసియా దాటింది. సైబీరియా మీదుగా మంచు సముద్రంలోకి దూకింది. ఉత్తర ధ్రువానికి అయిదారువందల కిలోమీటర్ల ఎడంగా పోయి, అవతలి పక్క కెనడా మీదుగా తిన్నగా టెక్సాస్‌లో దిగింది!

వాడు నోరు తెరిచాడు. పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుని "ఇంత మంచులోంచా నన్ను పంపేది?" అంది.

విషయం చాలా తేలిక. భూమి గుండ్రం. గుండ్రటి వస్తువు మీద రెండు చోట్ల మధ్య అన్నిటికన్నా దగ్గర దారి, బిగించిన దారం పడ్డ దారే. మన పెనుగంచిప్రోలు ఉన్న రేఖాంశాన్ని పైకి లాగి, ధ్రువం దాటించి, అవతలికి దించితే అది పోయి పడేది టెక్సాస్ రాష్ట్రంలోనే. డల్లాస్ దానికి కాస్త తూర్పున ఉంది. అంటే మనకీ వాళ్ళకీ మధ్య దగ్గర దారి పడమర కాదు, ఉత్తరం!

ఆ దారం కొలతే పద్నాలుగువేల నాలుగొందల కిలోమీటర్లు. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యయినా ఉండగలిగిన గరిష్ఠ దూరం ఇరవైవేలు. అందులో డెబ్భై పాళ్ళకి పైనే మన అమ్మాయిలు, అబ్బాయిలు కాపురం పెట్టారన్నమాట. పెద్ద విమానం గంటకి సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. భాగించి చూడండి. పదహారు గంటలు.

"పదహారేగా! మరి మా అల్లుడు రోజున్నర అంటాడేంటి?" అంది పెద్దమ్మ.

అల్లుడు చెప్పిందే నిజం. ఎందుకో చూద్దాం.

నేరు విమానం ఏదీ?

దారం బిగించినట్టు హైదరాబాదు నుంచి డల్లాస్‌కి పోయే విమానం లేదు. ఎక్కడో ఒకచోట దిగి మారాల్సిందే.

అసలు మనవైపు నుంచి అమెరికాకి నేరు విమానమే నడవలేదా అంటే, నడిచింది. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి చికాగోకి ఎక్కడా ఆగని సర్వీసు మొదలుపెట్టింది. నేరు దూరం 13,300 కిలోమీటర్లు. మధ్యలో దిగక్కర్లేదు, మారక్కర్లేదు, ఇంగ్లీషులో ఎవర్నీ దారి అడగక్కర్లేదు. తెలుగు తల్లిదండ్రులు ఎంత సంబరపడ్డారో! ఆ సంబరం కలకాలం నిలవలేదు. ఆ సర్వీసు ఆగిపోయింది.

దానికి వారం ముందు జరిగిన సంగతి మాత్రం సినిమాకి పనికొస్తుంది. 2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ ఇండియా బోయింగ్ 777 లేచింది. కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్ళే! కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరే, శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడుపుకుంటూ వచ్చి, జనవరి 11 తెల్లవారుజామున బెంగుళూరులో దించారు. నేరు దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. గాలిలో ఉన్నది పదిహేడు గంటల పైచిలుకు. మన దారం పోయిన మంచుదారే అది! ఈ ముక్క చెప్పగానే పెద్దమ్మకి కాస్త ధైర్యం వచ్చింది. "ఆడపిల్లలే తోలుకొచ్చారా! అయితే కూర్చోడానికి నాకేం" అంది.

సరే, నేరు విమానం లేదు గనక మన పెద్దమ్మ దుబాయ్‌లో మారుతుందనుకుందాం. హైదరాబాదు నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు. దుబాయ్ నుంచి డల్లాస్ 12,900. మొత్తం 15,450. లండన్ మీదుగా వెళ్తే? లండన్‌కి 7,750, అక్కణ్ణుంచి డల్లాస్‌కి 7,630. మొత్తం 15,380. ఒకటి ఎడారిలో ఉంది, ఇంకొకటి చలిదేశంలో ఉంది. కూడితే మాత్రం తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు!

ఇంకో తమాషా చూడండి. చుట్టూ తిరిగి పోతున్నామని మనం బాధపడతాం గాని, దారం కొలత కన్నా ఎక్కువైంది వెయ్యి కిలోమీటర్లే. విమానానికి అది గంట సేపు పని. అంటే చుట్టుదారి వల్ల పోయే కాలం పెద్దగా లేదు. కాలం కరిగిపోయేది ఆకాశంలో కాదు, నేల మీద!

గాలిలో గీతలూ గాలివాటాలూ

కాస్త ఆకాశం సంగతి కూడా చెప్పుకుందాం. విమానం దారం మీద పోవాలనుకున్నా కింద ఉన్న దేశాలు ఒప్పుకోవాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన ఆకాశంలోకి చాలా పశ్చిమ దేశాల విమానాల్ని రానివ్వలేదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన దేశపు విమానాలకి తన ఆకాశం మూసేసింది. ఢిల్లీ నుంచి పడమటికి పోయే మన విమానాలు దక్షిణానికి దిగి చుట్టూ తిరగాల్సొచ్చింది. దారి పెరిగింది, గంటలు పెరిగాయి, కొన్ని అమెరికా సర్వీసులు మధ్యలో ఇంధనం కోసం దిగాల్సొచ్చింది. నేల మీద ఇద్దరు పొరుగువాళ్ళు గట్టు తగాదా పడితే మధ్యలో బండి దారి మూసుకుపోయినట్టే!

రెండోది గాలి. విమానాలు ఎగిరే పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తూ ఉంటుంది. మునేట్లో వాలుకి ఈదడానికీ ఎదురీదడానికీ ఎంత తేడానో అక్కడా అంతే. అందుకే దుబాయ్ నుంచి డల్లాస్ పోయేటప్పుడు పదహారు గంటలు పడితే, అదే దారిన వచ్చేటప్పుడు పదిహేను గంటలు చాలు. పుట్టింటికి వచ్చేటప్పుడు గాలి కూడా తోస్తుందన్నమాట!

గడప నుంచి గడపకి

ఇక పెద్దమ్మ అడిగిన లెక్క. కాగితం మీద వేసి చూపించాను.

పెనుగంచిప్రోలు నుంచి శంషాబాద్‌కి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి, కోదాడ, సూర్యాపేట మీదుగా కారులో నాలుగు గంటలు. మధ్యలో టీ, టోల్‌గేటు, టైరు పంక్చరు అయితే అనుకుని ఇంకో గంట. మొత్తం అయిదు.

విమానాశ్రయంలో ముందుగా ఉండాల్సింది మూడు గంటలు.

హైదరాబాదు నుంచి దుబాయ్ నాలుగు గంటలు.

దుబాయ్‌లో రెండో విమానం కోసం ఆగడం, సగటున నాలుగు గంటలు అనుకుందాం.

దుబాయ్ నుంచి డల్లాస్ పదహారు గంటలు.

దిగాక ఇమ్మిగ్రేషన్ క్యూ, పెట్టెలు, కస్టమ్స్, రెండు గంటలు.

అల్లుడి కారులో ఇంటికి ఓ గంట.

అయిదు, మూడు, నాలుగు, నాలుగు, పదహారు, రెండు, ఒకటి... ముప్పైఅయిదు!

టికెట్టు మీద కనిపించేది మధ్యలోని ఇరవైనాలుగు గంటలే. పెద్దమ్మ ఒంటికి తెలిసేది ముప్పైఅయిదు. అందులో గాలిలో ఉండేది ఇరవై. మిగతా పదిహేను గంటలూ భూమి మీదే! 15,450 కిలోమీటర్లకి ఇరవై గంటలైతే, మన రెండొందల కిలోమీటర్ల రోడ్డు, మూడు విమానాశ్రయాల క్యూలు కలిపి పదిహేను గంటలు మింగేశాయి.

ఇది కూడా మంచిరోజు లెక్క. సంక్రాంతి ముందు హైదరాబాదు నుంచి ఊరొచ్చేవాళ్ళు పంతంగి టోల్‌గేటు దగ్గర ఎంతసేపు నిలబడాల్సొస్తుందో ఈ దారిన పోయిన ప్రతివాడికీ తెలుసు. సముద్రాలు దాటొచ్చి చౌటుప్పల్ దగ్గర చిక్కుకుపోయినవాళ్ళున్నారు!

గడియారం గారడీ

అంతా విని మనవడు ఒక మెలిక పెట్టాడు. "నానమ్మ టికెట్టు మీద ఆదివారం తెల్లారి నాలుక్కి బయల్దేరి, ఆదివారం సాయంత్రం అయిదున్నరకి దిగుద్దని ఉంది. అంటే పదమూడున్నర గంటలేగా!"

చాలామంది పెద్దవాళ్ళే ఇక్కడ బోల్తా పడతారు. మన గడియారం కాకినాడ మీదుగా పోయే ఎనభైరెండున్నర డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది. డల్లాస్ గడియారం ఎండాకాలంలో మనకన్నా పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. ఆదివారం సాయంత్రం వాళ్ళకి అయిదున్నర అయితే మనకి సోమవారం తెల్లవారుజాము నాలుగు. సరిగ్గా ఇరవైనాలుగు గంటలు!

తిరుగు ప్రయాణంలో గారడీ తిరగబడుతుంది. డల్లాస్‌లో ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి ఎక్కితే హైదరాబాదులో సోమవారం రాత్రి తొమ్మిదికి దిగుతారు. కాగితం మీద ముప్పైమూడు గంటలు. నిజంగా పట్టింది ఇరవైరెండున్నరే. పోయేటప్పుడు గడియారం లాభం చూపిస్తుంది, వచ్చేటప్పుడు వడ్డీతో సహా లాక్కుంటుంది.

అందుకే పెద్దమ్మా, బీపీ బిళ్ళ గోడ గడియారం చూసి కాదు, గంటలు లెక్కపెట్టుకుని వేసుకోవాలి. దారిలో ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరేముందే డాక్టరు గారిచేత రాయించుకోవాలి. రెండు రోజుల మందులు చేతి సంచిలోనే ఉండాలి. పెట్టెలో పెడితే ఆ పెట్టె మీకు ముప్పై గంటల దాకా కనపడదు!

ఒకప్పుడు ఈ దూరం

ఇప్పుడు ముప్పైఅయిదు గంటలకే అమ్మో అంటున్నాం గాని, వెనక్కి తిరిగి చూస్తే నోట మాట రాదు. 1920లలో ఎల్లాప్రగడ సుబ్బారావు గారు వైద్య పరిశోధన కోసం ఓడలో అమెరికా వెళ్ళారు. ప్రపంచానికి ఎన్నో మందులిచ్చిన ఆ మహానుభావుడు మళ్ళీ స్వదేశం చూడలేదు. 1948లో అక్కడే కన్నుమూశారు. ఆ రోజుల్లో దూరాన్ని గంటల్లో కాదు, వారాల్లో కొలిచేవారు.

1960 మే నెలలో ఎయిర్ ఇండియా బోయింగ్ 707 జెట్‌తో లండన్ మీదుగా న్యూయార్క్ సర్వీసు మొదలుపెట్టింది. వారాలు గంటలయ్యాయి. అక్కినేని నాగేశ్వరరావు గారు అమెరికా చూసొచ్చి "నేను చూసిన అమెరికా" అని పుస్తకమే రాశారు. వెళ్ళొచ్చినవాళ్ళు పుస్తకం రాయదగినంత దూరం అన్నమాట అప్పుడు! మనవాళ్ళు వీసా కోసం మద్రాసు పోవాల్సొచ్చేది. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ వచ్చింది 2008లో. శంషాబాద్ విమానాశ్రయం తెరిచిందీ ఆ ఏడాది మార్చిలోనే. అప్పటిదాకా బేగంపేటే దిక్కు.

ఊరికి దూరంగా ఉంటే ఏం జరుగుతుందో 1984లో రాష్ట్రమంతా చూసింది. ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీఆర్ గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్ళారు. ఆగస్టు 14న తిరిగొచ్చారు. 16న ఆయన ప్రభుత్వం పడిపోయింది. ఆయన అంత దూరాన ఉన్నప్పుడే ఇక్కడ పావులు కదిలాయి. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, జనబలంతో మళ్ళీ కుర్చీ ఎక్కారనుకోండి. తెర మీద కూడా అంత బిగువైన క్లైమాక్సు అరుదు!

సినిమాలో చూపించని సీను

ఇక్కడిదాకా నవ్వుతూ చెప్పుకున్నాం. ఈ లెక్క నవ్వు తెప్పించని ఇళ్ళు కూడా ఉన్నాయి.

జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఏ ఊరైనా వెళ్ళండి. వీధికి రెండు మూడిళ్ళలో పిల్లలు అమెరికాలో ఉంటారు. ఇంట్లో ఉండేది అమ్మానాన్నలే. ఓ రోజు పొద్దున్నే ఆ ఇంట్లోంచి ఏడుపు వినిపిస్తుంది. వాకిట్లో కుర్చీలు వేస్తారు. వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పులు విడుస్తూ అడిగే మొదటి మాట ఒకటే. "అబ్బాయి బయల్దేరాడా?"

లెక్క వేద్దాం. శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి ఆ పెద్దాయన పోయారనుకోండి. డల్లాస్‌లో అప్పుడు శుక్రవారం రాత్రి పది. కొడుకు ఆ రాత్రంతా టికెట్ల కోసం వెతుకుతాడు. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు విమానానికి సీటు దొరికింది. అది మన శనివారం రాత్రి పదిన్నర. పదిహేను గంటలు దుబాయ్‌కి. నాలుగు గంటలు అక్కడ. మూడున్నర గంటలు హైదరాబాదుకి. ఆదివారం రాత్రి తొమ్మిది. బయటపడేసరికి పదిన్నర. కారెక్కితే ఊరు చేరేది సోమవారం తెల్లవారుజాము రెండున్నరకి.

నలభైరెండు గంటలు! అన్నీ సవ్యంగా జరిగితే.

ఆ నలభైరెండు గంటలూ ఆ మనిషి ఐస్ పెట్టెలో వాకిట్లో ఉంటాడు. అమ్మ పక్కన కుర్చీలో ఉంటుంది. రెండు రోజులూ పొయ్యి వెలగదు. కొడుకు ఒక్కో విమానాశ్రయంలో దిగి ఫోన్ చేస్తాడు. "దుబాయ్‌లో దిగానే అమ్మా" అంటాడు. ఇక్కడ వాకిట్లో ఒకరికొకరు చెప్పుకుంటారు, "దుబాయ్ వచ్చాడంట". ఆ ఇంట్లో అందరికీ భూగోళం పాఠం అప్పజెప్పినట్టు వచ్చేస్తుంది. విమానంలో అటు పక్కా ఇటు పక్కా ఎవరో సినిమా చూస్తూ నవ్వుకుంటూ ఉంటే, మధ్య సీటులో కూర్చున్న ఆ కుర్రాడికి పదిహేను గంటలు ఎలా గడుస్తాయో మనకి ఏ దర్శకుడూ చూపించలేదు.

రాగలిగినవాడు అదృష్టవంతుడు. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయినవాడి సంగతి వేరు. వాడు రాగలడు, కాని కొత్త ముద్ర పడనిదే తిరిగి పోలేడు. అక్కడ ఉద్యోగం, బడికిపోయే పిల్లలు, ఇంటి అప్పు. వస్తే అవి ఏమవుతాయో తెలియదు. రాకపోతే తండ్రి ముఖం మళ్ళీ కనపడదు. అలాంటివాళ్ళు కొందరు ఆ కార్యక్రమాన్ని ఫోన్ తెర మీద చూస్తూ అక్కడే కూలబడిపోయారు. ఆ దూరాన్ని కొలిచే దారం ఏ కుట్టు డబ్బాలోనూ లేదు.

మన చేతిలో ఉన్నది

ఆకాశంలో పట్టే ఇరవై గంటల్ని మనం ఏమీ చెయ్యలేం. నేల మీది పదిహేను గంటలు మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి.

టికెట్టు కొనేటప్పుడు కిలోమీటర్లు చూడొద్దు, ఎన్నిచోట్ల మారాలో చూడండి. ఒక్క మార్పుతో పోయేది కాస్త ఖరీదైనా పెద్దవాళ్ళకి అదే మంచిది. గన్నవరం మనకి శంషాబాద్ కన్నా దగ్గరే, సందేహం లేదు. అక్కడ ఎక్కి ఢిల్లీలోనో హైదరాబాదులోనో మారి, మళ్ళీ ఇంకోచోట మారాల్సొస్తే, రోడ్డు మీద మిగిలింది లాంజిలో పోతుంది.

రెండు విమానాల మధ్య గంటన్నర ఉంటే పరుగు, ఎనిమిది గంటలుంటే నరకం. మూడు నుంచి నాలుగు గంటలు చాలు. మొత్తం ఒకే టికెట్టు మీద ఉండేట్టు చూసుకోండి. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా ఇంకోదాంట్లో పంపే బాధ్యత కంపెనీదే.

నడవగలిగినా సరే, పెద్దవాళ్ళకి చక్రాల కుర్చీ ముందే రాయించండి. అది కాళ్ళ కోసం కాదు, దారి కోసం! తోసుకెళ్ళే మనిషే క్యూలు దాటించి గేటు దాకా దింపుతాడు. గంటకోసారి లేచి సీట్ల మధ్య నాలుగడుగులు వెయ్యమనండి, నీళ్ళు తాగమనండి. అన్ని గంటలు కాళ్ళు వేలాడేసి కూర్చోవడం ఒంటికి మంచిది కాదు. ఆవకాయ జాడీ మాత్రం చేతి సంచిలో పెట్టకండి, తనిఖీ దగ్గర ఆపేస్తారు. గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టండి.

అమెరికాలో ఉన్న పిల్లలకీ ఒక మాట. పాస్‌పోర్టు, వీసా గడువులు గోడ మీద క్యాలెండరులో రాసుకోండి. నాన్నగారి ఆరోగ్యం గురించి ఫోన్లో "బాగానే ఉన్నాను" అన్న మాటని నమ్మి ఊరుకోకండి. మీరు నలభైరెండు గంటల దూరంలో ఉన్నారు. కబురు వచ్చాక బయల్దేరడం కన్నా, కబురు రాకముందే ఒకసారి వచ్చిపోవడం మేలు.

శుభం కార్డు

పెద్దమ్మ బయల్దేరిన రోజు ముందుగా గుడికెళ్ళి అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. కుంకుమ పొట్లం కట్టించుకుంది. నేను రాసిచ్చిన కాగితం నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. గంటగంటకీ ఏం జరుగుతుందో అందులో రాసుంది. ఎక్కడ దిగాలి, ఎప్పుడు బిళ్ళ వేసుకోవాలి, ఎప్పుడు నిద్రపోవాలి.

మూడోరోజు పొద్దున ఇంటికి ఫోను వచ్చింది. మనవడు స్పీకరు పెట్టాడు. అటునుంచి పెద్దమ్మ గొంతు.

"ఒరే, ఆ పత్రికాయనకి చెప్పు. లెక్క తప్పింది. ముప్పైఅయిదు కాదు, ముప్పైఆరున్నర పట్టింది!"

గంటన్నర ఎక్కడ పోయిందని అడిగాను. దిగాక క్యూలో పోయిందట.

"ఎట్టా ఉంది పెద్దమ్మా ప్రయాణం?" అన్నాను.

"నడుం పడిపోయింది అబ్బాయ్. అయినా తలుపు తీసి పిల్ల ఎదురొచ్చిందా... అంతా మర్చిపోయా" అంది.

మన సినిమాల ఎడిటర్లు ఆ ముక్క ఎందుకు కత్తిరిస్తారో అప్పుడర్థమైంది నాకు. చేరినవాళ్ళకి దారి గుర్తుండదు. దారి పొడుగు తెలిసేది ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళకే.